అక్కకు దొరికిన సమాధానం

బెళుగుప్ప,
18-4-1952

చిరంజీవి జయరాముడికి,

పైనున్నవాడు నిన్నూ, ఆంజినమ్మనూ చల్లగా చూడాలని కోరుకుంటూ అక్క సుంకమ్మ రాసేది. నీ కార్డు అందింది. రాతిపొడికి దగ్గు ఎక్కువైందన్నావు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమని పోయినసారే చెప్పాను. మేస్త్రీవి అయినంత మాత్రాన నీ రొమ్ము ఇనుపది కాదు.

ఇక్కడ వాన లేకుండా ఇది మూడో ఏడు. బావి అడుగంటింది. కడవ ముంచితే సగం బురదే వస్తోంది. చావడి దగ్గర గంజి కేంద్రం తెరిచారు. నా బడిపిల్లలు పలకలు ఇంట్లో పెట్టి సత్తు గిన్నెలు పట్టుకొని వస్తున్నారు. గంజి పోసే వేళకు పాఠం ఆపేస్తున్నాను. ఆపకపోయినా వాళ్ల చెవులు చావడి దగ్గరే ఉంటాయి.

అసలు సంగతి. మీ బావ మొన్న బుధవారం పశువులను తోలుకొని పడమటికి వెళ్లాడు. తుంగభద్ర దాటితే అడవిలో గడ్డి ఉందని ఊళ్లో అందరూ అంటున్నారు. రామప్పా, ఇంకొందరూ కలిసి వెళ్లారు. మన ఆవూ దూడా కాక, పక్కింటి శివప్ప ఎద్దుల జతను కూడా బావే తోలుకుపోయాడు. శివప్ప కరువు పనిలో కంకర కొడుతున్నాడు. అది మానుకొని వెళితే ఇంట్లో పొయ్యి వెలగదు.

బయలుదేరేటప్పుడు శివప్ప భార్య సిద్దమ్మ ఎద్దుల నొసట పసుపు పూసి, వాటి మెడ పట్టుకొని చాలాసేపు నిలబడింది. ఆమెకు బిడ్డలు లేరని నీకు తెలుసు.

"ఎర్రన్నా, నా బిడ్డల్ని నీ చేతిలో పెడతాండానప్పా" అంది.

"నా పానం పోయినా ఇవి పోవు సిద్దమ్మక్కా" అన్నాడు బావ.

ఆ మాట నాకు నచ్చలేదు. మన చేతిలో లేనిదాన్ని పణంగా పెట్టి మాట ఇవ్వకూడదు. ఆ సంగతి ఆయనకు చెప్పేలోపే పశువులు కదిలాయి, దుమ్ము లేచింది.

నా గురించి దిగులు వద్దు. ఆంజినమ్మకు చెప్పు, నేను పంపిన చింతపండు పాతదే కానీ మంచిది.

ప్రేమతో,
అక్క


తాడిపత్రి,
9-5-1952

అక్కకు నమస్కారం.

జాబు చదివి ఒళ్లు మండింది. బావ మన ఆవును తోలుకుపోవచ్చు, కాదనను. ఇంకొకరి ఎద్దులు ఆయనకెందుకు? దారిలో ఒకటి కాలు విరిగి పడితే ఆ మాట ఎవరికి తగులుతుంది? ఆయన అడవిలో ఉంటాడు. ఊళ్లో ఉండేది నువ్వు. బావకు ఎవరైనా చేయి పట్టుకొని అడిగితే కాదనడం రాదు. నీ పెండ్లినాడే చూశాను. ఎవరు అడిగితే వాళ్లకు తన కొత్త పంచె ఇచ్చేసేటట్టు ఉండినాడు.

ఇక్కడ ఎండకు నాపరాళ్లు పెనాల్లా కాలుతున్నాయి. తెల్లవారకముందే కోత మొదలుపెట్టి, పొద్దెక్కే సరికి ఆపేస్తున్నాం. పెన్నలో చెలమలు తవ్వితే నీళ్లు దొరుకుతున్నాయి కాబట్టి బతికి ఉన్నాం. ఆంజినమ్మ నీళ్లోసుకుంది. ఈ మాట నీకే మొదట చెబుతున్నాను.

నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి. కలరాలో అమ్మా నాయనా ఒకే వారంలో పోయినప్పుడు నిన్ను మిషను దొరసాని తీసుకుపోయింది, నన్ను మామ తీసుకుపోయాడు. నీకు చదువూ దేవుడూ దొరికాయి. నాకు సుత్తి దొరికింది. నేను దానికేమీ బాధపడటం లేదు. సెలవులకు వచ్చి నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. కానీ ఇప్పుడు నాకూ ఒక ఇల్లుంది. ఒంటరిగా అక్కడ ఉండి బురదనీళ్లు తాగే ఖర్మ నీకు లేదు.

ఇట్లు,
తమ్ముడు జయరాముడు


బెళుగుప్ప,
25-8-1952

చిరంజీవి జయరాముడికి,

ఆంజినమ్మ సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె పేరు నా ప్రార్థనలో ఉంది. బరువులు ఎత్తనీయకు. బడిని వదిలి నేను రాలేను. గంజి కోసమైనా సరే, వస్తున్న పిల్లలు వస్తున్నారు.

పడమటికి పోయినవాళ్లు తిరిగి వచ్చారు. బావ రాలేదు.

రామప్ప సగం పశువులతో వచ్చాడు. మనిషి పుల్లలా అయ్యాడు. "ఏరు దాటినాక గడ్డి సాలక ఇడిపోయినామమ్మా. ఎర్రన్న ఇంకా అడవి దిక్కు పోయినాడు. ఆ పొద్దు నుంచి నేను సూడలే" అన్నాడు. అంతకంటే అతనికి ఏమీ తెలియదు. మా చర్చి అయ్యగారు ఆ దిక్కున ఉన్న సంఘాల వాళ్లకు బావను గురించి జాబులు రాశారు.

శివప్ప రోజూ పొద్దున వస్తాడు. మొదట్లో లోపలికి వచ్చి కూర్చునేవాడు. తర్వాత వాకిట్లో నిలబడి అడిగేవాడు. ఇప్పుడు వీధిలో నుంచే నా ముఖం చూసి, ఏమీ అడగకుండా కంకర పనికి పోతున్నాడు. సిద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. బావి దగ్గర నేను కడవ దించితే ఆమె తన కడవను ఎత్తుకొని పక్కకు జరుగుతుంది.

రాత్రుళ్లు నిద్ర లేక నాకు బడిలో లెక్కలు తప్పుతున్నాయి. ఒకరోజు పిల్లలే నవ్వి దిద్దారు. బావ ఏ చెట్టు కింద పడి ఉన్నాడో అనుకుంటాను. లేదా ఎద్దులను అమ్ముకొని పోయాడన్న శివప్ప అనుమానమే నిజమేమో అనుకుంటాను. రెండో ఆలోచన వచ్చినప్పుడు నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. బడిగదిలో ఒక్కదాన్నే మోకాళ్లూని చాలాసేపు ఉన్నాను. తమ్ముడూ, నాకు సమాధానం దొరికింది. ఇన్నాళ్లకు గుండె మీద బండ దిగింది. రాత్రి నిద్రపోయాను. నువ్వు కూడా ఇక దిగులు పెట్టుకోవద్దు.

టపా బండి పోయే వేళయింది. మిగతాది మళ్లీ.

ప్రభువు కృపలో,
అక్క


తాడిపత్రి,
3-9-1952

అక్కా,

సమాధానం దొరికిందన్న మాట చదవగానే ఆంజినమ్మను కేకేసి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న చేట వదిలేసి వచ్చి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అయ్యగారు రాసిన జాబులకు ఇంత తొందరగా పలుకుతారని నేను అనుకోలేదు. మీవాళ్లలో ఆ కట్టుబాటు బాగుంది.

బావ ఎక్కడున్నాడో మాత్రం నువ్వు రాయలేదే? టపా బండి తొందరలో మరిచిపోయి ఉంటావు. జ్వరమా? కాలికి దెబ్బా? వెంటనే రాయి.

శివప్ప చిన్నాయన కొడుకు ఇల్లు కట్టుకుంటూ, పరుపు రాళ్ల కోసం నిన్న మా రాళ్ల అంగడికి బండి తెచ్చాడు. ముఖం మాడ్చుకొని "ఏమప్పా, మీ బావ మావాళ్ల ఎద్దుల్ని మింగినాడంట గదా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నోరు అదుపులో పెట్టుకో. మా అక్కకు సమాధానం వచ్చింది. ఎద్దులు భద్రంగా ఉండాయి. పోయి మీ శివప్పకు చెప్పు" అని పంపించాను. ఎద్దుల సంగతి నువ్వు రాయలేదు. బావ బాగుంటే అవీ బాగుంటాయని నేనే చేర్చాను.

ఇకనైనా వాళ్లు నీ ముందు తల దించుకుంటారు.

సంతోషంతో,
జయరాముడు


బెళుగుప్ప,
28-9-1952

చిరంజీవి జయరాముడికి,

నీ జాబు అందే నాటికే వాళ్లు మా ఇంటికి వచ్చి పోయారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు కూర్చొని చదువు.

పొద్దున బడికి తాళం తీయబోతుంటే శివప్పా, రామప్పా, ఊరి పెద్దలు కొందరూ వాకిట్లోకి వచ్చారు.

"జాబు యాడ పెట్టినావు? తీయ్" అన్నాడు శివప్ప.

"జాబు రాలేదు శివప్పన్నా."

"నీ తమ్ముడు చెప్పినాడంట గదా, సమాధానం వచ్చిందని! ఎద్దులు భద్రంగా ఉండాయని! మొగుడూ పెండ్లామూ కూడబలుక్కోని నాటకమాడతాండారా?"

అప్పుడు నాకు అర్థమైంది. తమ్ముడూ, తప్పు నీది కాదు. మా క్రైస్తవుల మాటల్లో సమాధానం అంటే మనసుకు కలిగే నిమ్మళం. చిన్నప్పటి నుంచి మిషనులో ఆ మాటను అట్లాగే వింటూ పెరిగాను. బయటివాళ్లు దాన్ని జవాబు అనుకుంటారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. నాకు జవాబు ఎవరి దగ్గర నుంచీ రాలేదు. బావ బతికి ఉన్నాడో లేదో తెలియదు. ఎద్దులు ఏమయ్యాయో తెలియదు. తెలియకుండానే ఆ రాత్రి నిద్ర పట్టింది. నేను రాసింది అదే.

శివప్పకు కూడా ఇట్లాగే చెప్పాను. అతను నా వైపు చూసి నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"నా ఎద్దులు పోయి, నేను కూడు దిగక సస్తాంటే, నీకు నిమ్మళమొచ్చిందా?"

అతను అడిగింది న్యాయమే. అప్పటిదాకా నా బరువు దిగిందనే సంతోషపడ్డాను కానీ, అతని బరువు అతని మీదే ఉందని అనుకోలేదు.

ట్రంకు పెట్టె తీసి చూడమన్నాను. రామప్ప చూశాడు. రెండు చీరలూ, పెండ్లి ఫోటో, బడి పుస్తకాలు. ఏమీ ముట్టుకోకుండా మూసేశాడు. మరునాటి నుంచి బడికి పిల్లలు రావడం లేదు. దూదేకుల అల్లాబకాష్ కూతుళ్లు మాత్రం వస్తున్నారు. "ఎద్దులు పోతే అచ్చరాలేం జేసినాయి?" అని అల్లాబకాష్ వాళ్లను పంపుతున్నాడట. ఆ ఇద్దరికీ పాఠం చెబుతున్నాను.

నువ్వు కర్ర పట్టుకొని ఇక్కడికి రావద్దు. అది మాత్రం నా కోసం చెయ్యి.

అక్క


తాడిపత్రి,
20-10-1952

అక్కకు,

రెండుసార్లు రాసి చింపేశాను. నా నోటి దురుసు వల్ల నీ వాకిట్లోకి మనుషులు వచ్చారు. ఆ చిన్నాయన కొడుకు కనిపిస్తే ఎక్కడ దాక్కోవాలా అని చూస్తున్నాను. నేను, ఎవరికీ జంకని జయరాముణ్ణి!

కానీ నాకు సిగ్గుతో పాటు కోపం కూడా ఉంది. దాచుకోను. నీ పెట్టె వెతికారు, బడి ఖాళీ చేశారు, దాన్ని నువ్వు బడి రిపోర్టు రాసినట్టు రాశావు. ఉలి దిగితే మా రాయి కూడా అరుస్తుంది. నువ్వు అరవవేం? మొగుడు కనపడకుండా పోయి ఆరు నెలలు దాటింది. ఆయన కోసం ఒక్కసారైనా ఏడ్చావా? ఏడవకూడదని ఆ మిషనులో నేర్పారా? అట్లాంటి నిమ్మళం నాకు వద్దు. ఎవరికైనా మత్తుమందు పెడితే కూడా నిమ్మళంగానే ఉంటారు.

ఇకమీదట నాకు అట్లాంటి మాటలు రాయొద్దు. ఏం జరిగిందో అది రాయి చాలు.

ఆంజినమ్మకు కాళ్లు వాస్తున్నాయి. మంత్రసాని ఏమీ ఫరవాలేదంటోంది.

జయరాముడు


తాడిపత్రి,
12-1-1953

అక్కా,

నువ్వు బస్సెక్కిపోయాక ఇల్లు ఖాళీ అయినట్టుంది. క్షేమంగా చేరావని కార్డు ముక్క రాయి.

టెలిగ్రాం ఇస్తే వస్తావో రావోనని అనుకున్నాను. పోయినసారి నేను రాసిన రాతకు ఇంకొకరైతే వచ్చేవాళ్లు కాదు. బిడ్డ ఏడవకుండా పుట్టిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు అడగనూ లేదు. చెప్పులు విప్పి నేరుగా ఆంజినమ్మ మంచం దగ్గరికి పోయావు.

ఆంజినమ్మ ఒక మాట చెప్పమంది. వచ్చినవాళ్లందరూ పోయిన జన్మ పాపమనో, దేవుడి రాత అనో, మళ్లీ పుడతారులే అనో అన్నారట. నువ్వు అవేమీ అనలేదట. తల దువ్వి, జావ తాగించి, పక్కన కూర్చున్నావట. "అక్క మల్లా ఎప్పుడొస్తాది?" అని పొద్దున కూడా అడిగింది.

నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మూడోనాడు సాయంత్రం రాళ్ల దొంతుల వెనక నీ గొంతు వినిపించి వచ్చాను. నువ్వు నన్ను చూడలేదు. మోకాళ్ల మీద కూర్చొని నేలను చేత్తో కొడుతూ ఏడుస్తున్నావు. "యాడ పెట్టినావయ్యా ఆయన్ని? ఈ బిడ్డనెందుకు తీసుకుంటివి? చెప్పు నాకు" అని అడుగుతున్నావు. అంత చదువుకున్నదానివి, ఏడుపులో మన అమ్మలాగానే మాట్లాడావు. అప్పు తీసుకున్నవాణ్ణి నిలదీసినట్టు దేవుణ్ణి నిలదీస్తున్నావు. నాకు భయం వేసింది. చాలాసేపటికి ఏడుపు ఆగింది. ఇంకాసేపు ఊరికే కూర్చున్నావు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని వచ్చి పొయ్యి రాజేశావు. నీ ముఖం ఎప్పటిలాగే ఉంది.

నేను మత్తుమందు అన్నాను. అది కాదని చూశాను. అది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

తమ్ముడు


బెళుగుప్ప,
6-3-1953

చిరంజీవి జయరాముడికి, ఆంజినమ్మకు,

మీ ఇద్దరినీ తలచుకోని పూట లేదు. ఆంజినమ్మ లేచి తిరుగుతోందని రాశావు, చాలు.

బావ బతికే ఉన్నాడు.

మాబు సాబ్ నీకు గుర్తుండే ఉంటాడు, ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన. జాతర్లన్నీ తిరిగి పోయిన నెల వచ్చాడు. నేరుగా మా ఇంటికి వచ్చి, గడప బయటే కూర్చున్నాడు.

"ఎర్రన్న హోస్పేట కాడ కాలవ పనిలో మన్ను మోస్తాండాడమ్మా. నన్ను జూసి గంప అడ్డం పెట్టుకున్యాడు. ఎర్రన్నా అని పిలిస్తే గంప దించి కూలబడి ఏడ్చినాడు."

ఆవూ దూడా అడవిలోనే చచ్చాయి. శివప్ప ఎద్దులు లేవలేని స్థితికి వస్తే, కళ్లముందే చావడం చూడలేక, దారిన పోయే బేరగాడికి అమ్మేశాడు. ఆ తర్వాత చలిజ్వరం పట్టి, వచ్చింది కాస్తా దానికే పోయింది. సిద్దమ్మకు ఇచ్చిన మాట తలచుకొని ఊరికి రాలేకపోయాడు. ఇదీ మాబు సాబ్ చెప్పింది.

నేను నీకు దాచకుండా రాయాలి. పది నెలలుగా నా ప్రార్థనలో సగం, ఆయన ఆ ఎద్దులను అమ్మి ఉండకూడదనే. చచ్చిపోయి ఉన్నా ఫరవాలేదు, దొంగ కాకూడదు అని కూడా ఒకసారి అడిగాను. భార్యను అయి ఉండి అట్లా అడిగాను. అందుకే ఈ మాట విన్నాక నాలో ఏమీ మిగలలేదు. ఆ వారమంతా ప్రార్థన రాలేదు. ఆదివారం చర్చిలో కట్టెలా కూర్చున్నాను. పక్కవాళ్లు పాడుతుంటే నా పెదవులు కదల్లేదు. నువ్వు మత్తుమందు కాదన్న ఆ నిమ్మళం, వెతికినా దొరకలేదు.

"ఎవరికీ చెప్పనులేమ్మా" అన్నాడు మాబు సాబ్. తన మాట మీద నిలబడ్డాడు కూడా. వారం గడిచాక నేనే శివప్ప ఇంటికి వెళ్లాను. ధైర్యంతో వెళ్లలేదు. పొద్దున లేచి అతని ముఖం చూడటం ఇక నా వల్ల కాలేదు.

శివప్ప తాడు పేనుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. తాడు పేనడం ఆగలేదు. సిద్దమ్మ లోపలి నుంచి వచ్చింది.

"నా బిడ్డల్ని కటికోళ్లకు అమ్మినాడా?"

"తెలీదు సిద్దమ్మక్కా. ఎవరికి అమ్మినాడో మాబు సాబ్‌కూ తెలీదు."

మనిషి పోతే ఏడ్చినట్టు ఏడ్చింది. వీధిలో వాళ్లు వచ్చి చూశారు. నేను అక్కడే నిలబడ్డాను. ఏడుపు తగ్గాక శివప్ప తల ఎత్తాడు.

"నువ్వొచ్చి ఎందుకు చెప్పినావు? చెప్పకుంటే మాకు తెలిసేదే కాదు గదా."

"నాకు తెలిసినాక మీకు తెలీకుండా ఎట్లుండేదన్నా?"

కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కొంతసేపటికి వచ్చేశాను.

వాళ్ల వాకిలికీ మా వాకిలికీ మధ్య ఎంత దూరమో నీకు తెలుసు. ఆ కాస్త దూరం నడిచేలోపల, అడగకుండానే, అది తిరిగి వచ్చింది. బావ మంచివాడని తేలిందని కాదు, తేలలేదు. శివప్ప క్షమించాడని కాదు, క్షమించలేదు. అన్నీ పోయాక కూడా నన్ను ఎవరో చేయి వదలకుండా పట్టుకున్నట్టు అనిపించింది. అంతకంటే చెప్పడం నాకు రాదు. ఇట్లాంటి మాటలు రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి ఓర్చుకో.

బడికి సెలవు పెట్టి ఈ నెలాఖరున హోస్పేటకు వెళుతున్నాను.

అక్క


తాడిపత్రి,
15-3-1953

అక్కా,

పోవద్దు. ఆయన మొగోడైతే తన కాళ్ల మీద తనే వచ్చి శివప్ప ముందు నిలబడాలి. నువ్వు పోయి పిలుచుకురావడమేమిటి? ఊరంతా నిన్ను వెలేసినప్పుడు ఆయన గంప చాటున దాక్కున్నాడు. నీ దేవుడు క్షమించమంటాడేమో. ఆయనతో నాకు పరిచయం లేదు. బావ కనిపిస్తే మెడ పట్టుకోవాలని ఉంది.

నా మాట నువ్వు వినవని తెలుసు. గుంతకల్లులో రైలు మారాలి, ఆ స్టేషన్‌లో ఆడమనిషి ఒంటరిగా తిప్పలు పడుతుంది. ఏ రోజు వస్తావో రాయి. టికెట్ ఇచ్చే కిటికీ దగ్గర నిలబడి ఉంటాను. బావను ఏమీ చేయనని మాత్రం నా దగ్గర ఒట్టు వేయించుకోవద్దు.

జయరాముడు


బెళుగుప్ప,
3-7-1953

నా తమ్ముడికి,

చాలా రోజులకు రాస్తున్నాను, కోప్పడకు. ఆంజినమ్మ పంపిన గాజులు అందాయి. ఎర్రవి నాకు మరీ పడుచువి, అయినా వేసుకున్నాను.

హోస్పేట నుంచి వచ్చేటప్పుడు నువ్వు బావతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ బళ్లారి దాటాక ఆయనకు చలి పుడితే నీ దుప్పటి తీసి ఆయన మీద పడేశావు. కప్పలేదు, పడేశావు. ఆయన దాన్ని ఇప్పటికీ నాకు చెబుతుంటాడు.

వచ్చిన రోజే బావ శివప్ప వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. శివప్ప తలుపు మూసుకున్నాడు. ఆ తర్వాత బావ ఇల్లు దాటలేదు. గోడకు ఆనుకొని కూర్చొని మధ్యమధ్యలో జ్వరంతో వణికేవాడు. ఆదివారాలు చర్చికి రాలేదు. నేను రమ్మనలేదు. నేను పక్కన కూర్చొని ప్రార్థన చేసుకుంటుంటే లేచిపోయేవాడు కాదు, అంతవరకే. బడికి పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ఎందుకు మానారో, ఎందుకు వస్తున్నారో వాళ్లకూ తెలియదు.

పోయిన వారం ఆరుద్ర కార్తెలో వాన పడింది. చేలు తడిసేంత వాన. తెల్లారేసరికి ఊరు ఊరంతా చేలలో ఉంది. ఎద్దులు మిగిలినవాళ్లు విత్తనపు గొర్రు కట్టారు. శివప్ప వాళ్ల దగ్గరికీ వీళ్ల దగ్గరికీ తిరిగాడు. తమ విత్తనం కాకుండా ఎవరు ఎద్దులిస్తారు? రెండు రోజులు ఎండ కాస్తే మన ఎర్రనేల పిడచ కట్టుకుపోతుందని నీకు తెలుసు.

మరునాడు పొద్దున నేను లేచేసరికి బావ ఇంట్లో లేడు. వెతుక్కుంటూ పోతే శివప్ప చేని గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేనిలో శివప్ప గొర్రును ముందేసుకొని కూర్చున్నాడు, విత్తనపు బుట్ట పక్కన సిద్దమ్మ. నేను గట్టు దగ్గరే ఆగిపోయాను.

బావ దిగి వెళ్లి, కాడి ఎత్తి ఒక కొన తన మెడ మీద పెట్టుకున్నాడు. రెండో కొన నేలను తాకింది. ఒక్క మనిషి లాగితే గొర్రు వంకరపోతుంది కానీ ముందుకు రాదు. ఆయన లాగాడు. అది వంకర తిరిగింది. మళ్లీ లాగాడు. సిద్దమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు పరుగెత్తిపోయి రెండో కొన పట్టుకోవాలనిపించింది.

శివప్ప లేచాడు. కొడతాడనుకున్నాను. తలగుడ్డ విప్పి, మడిచి, భుజం మీద వేసుకొని, వంగి ఆ రెండో కొన ఎత్తాడు.

"అదును పోతాది. పట్టు" అన్నాడు.

బావను చూడకుండా, ముందుకు చూస్తూ అన్నాడు. ఇద్దరూ లాగారు. గొర్రు నేలలో దిగింది. సిద్దమ్మ లేచి గొర్రు వెనక మేడి పట్టింది. ఆడవాళ్లు మేడి పట్టకూడదని మన ఊళ్లో అంటారు. ఆ రోజు పక్క చేలవాళ్లు చూశారు కానీ ఏమీ అనలేదు. ఆమె నా దిక్కు చూసి, "ఏం జూస్తాండావు? వచ్చి ఇత్తనం పొయ్యి" అంది. ఎద్దుల కోసం ఏడ్చిన ఆ రోజు తర్వాత ఆమె నాతో పలికిన మొదటి మాట అది. నేను దిగి వెళ్లి జొన్నలు పోశాను.

పొద్దు వాలేవరకూ ఆ చేను పట్టింది. మధ్యలో బావకు దమ్ము పట్టి నిలబడిపోతే, శివప్ప కూడా నిలబడ్డాడు. ఆయన ఊపిరి కుదుటపడేవరకూ ఆకాశం చూస్తూ ఆగి, మళ్లీ కదిలాడు. ఇద్దరి మెడల మీదా తోలు లేచింది. ఎద్దుల ఊసు ఎవరూ ఎత్తలేదు. అది తీరిపోయిందని నేను అనుకోవడం లేదు. అది ఎప్పటికీ తీరేది కాదేమో.

చీకటి పడేవేళ నలుగురం నడిచి వచ్చాం. బావ నేరుగా లోపలికి పోయి వాలిపోయాడు. మన చేను ఇంకా విత్తలేదు, అందులోనూ అదును ఉంది, ఎవరితో లాగించాలా అని ఆలోచిస్తూ నేను వాకిట్లోనే నిలబడ్డాను. శివప్ప కాడిని తన ఇంటికి తీసుకుపోలేదు. మా గోడకు ఆనించి, పోయి పడుకున్నాడు.

అక్క సుంకమ్మ